మేడ మీదికి వైఫై అందట్లేదు: ఆరు యాంటెనాల రౌటరా, మెష్షా?

బ్రాడీపేట_మేడమీద
గుంటూరులో మాది పాత ఇల్లు. కింద నాలుగు గదులు, మేడ మీద రెండు. ఫైబర్ బాక్స్ కింద హాల్లో ఉంది. నేను మేడ మీద ఉత్తరం గదిలో ఆఫీసు పని చేసుకుంటాను. అక్కడ ఫోన్‌లో వైఫై ఒక్క గీతే చూపిస్తుంది. మీటింగ్ మొదలైన పది నిమిషాలకే నా గొంతు ముక్కలు ముక్కలుగా వినిపిస్తోందంటారు. నిన్న ముఖ్యమైన కాల్ ఉంటే ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని మెట్ల మలుపులో కూర్చుని నలభై నిమిషాలు మాట్లాడాను. కింద కుక్కర్ విజిల్ అవతలి వాళ్లకీ వినపడింది.

పోయిన నెల 100 ఎంబీపీఎస్ ప్లాన్‌ని 300 చేయించాం. బిల్లు నెలకి నాలుగు వందలు పెరిగింది, మేడ మీద మాత్రం వీసమెత్తు తేడా లేదు. షాపాయన ఆరు యాంటెనాల రౌటర్ తీసుకోమంటున్నాడు, ఏడున్నర వేలు. మా బావ మెష్ అంటున్నాడు, అంటే ఇంట్లో అక్కడక్కడా పెడితే ఒకదానితో ఒకటి గాల్లోనే మాట్లాడుకునే రౌటర్లట, రెండు యూనిట్ల సెట్ పన్నెండు వేలు. డబ్బు పెట్టడానికి సిద్ధమే. పెట్టాక కూడా ఇదే గోలైతే ఇంట్లో మళ్లీ అడగలేను. ఏది కొనమంటారు?

ఖమ్మం_కుర్రోడు
మెష్ కొనేయండి అన్నా, ఆలోచించకండి. పోయిన దసరాకి మేం తెచ్చుకున్నాం. మాది 200 ప్లాన్, ఇంట్లో ఏ మూల చూసినా 90 పైనే వస్తోంది. ఆ రోజు నుంచి "నెట్ రావట్లేదు" అన్న మాటే లేదు.

తీగ_పట్టుకో
ఇప్పుడే ఏదీ కొనకండి. ముందు మూడు సంగతులు చెప్పండి.

బాక్స్ హాల్లో సరిగ్గా ఎక్కడుంది? గోడ మీదా, అలమరలోనా, టీవీ వెనకా? ల్యాప్‌టాప్‌ని బాక్స్‌కి వైరుతో కలిపి స్పీడ్ టెస్ట్ చేస్తే ఎంతొస్తోంది? మీ మేడ గదిలో సిగ్నల్ ఎన్ని డీబీఎం? అది సిగ్నల్ బలం కొలత, సున్నాకి ఎంత దగ్గరైతే అంత మేలు. గీతలు కాదు, అంకె కావాలి. వైఫై అనలైజర్ యాప్ ఏదైనా చూపిస్తుంది. మైనస్ 50 అంటే బ్రహ్మాండం, మైనస్ 67 దాకా వీడియో కాల్ నడుస్తుంది, మైనస్ 80 అంటే ప్లాన్ ఎంత పెంచినా దండగే.

రేడియో_మావయ్య
పై పోస్టుకి నా ఓటు. ప్లాన్ పెంచడమంటే ఊళ్లోకి వచ్చే నీళ్ల పైపు లావు చేయించడం. మీ మేడ మీద కుళాయి సన్నగా వస్తుంటే ఆ పైపుతో ఏం పని?

ఇంకో మాట. యాంటెనాలు లెక్కపెట్టి రౌటర్ కొనకండి. గాల్లోకి ఎంత పవర్ వదలొచ్చో ప్రభుత్వం హద్దు పెట్టింది. రెండు యాంటెనాల డబ్బాకీ ఆరు యాంటెనాల డబ్బాకీ అదే హద్దు. పైగా వైఫై రెండు వైపులా మాట్లాడుకోవాలి. రౌటర్ గట్టిగా అరిచినా మీ ఫోన్ ఆ గోడల వెనక నుంచి అంతే గట్టిగా బదులు చెప్పలేదు. దానికున్నవి రెండు చిన్న యాంటెనాలు, ఓ బుల్లి బ్యాటరీ. మీ గొంతు ముక్కలవుతోందన్నారు చూడండి, అది సరిగ్గా ఈ రోగమే. అవతలి వాళ్ల మాట మీకు బాగానే వినపడుతూ ఉండి ఉంటుంది.

బ్రాడీపేట_మేడమీద
అవునండీ! వాళ్ల మాట నాకు బాగానే వస్తుంది, నాదే పోదు. ఇన్నాళ్లూ మైక్ పాడైందనుకుని ఇయర్‌ఫోన్స్ రెండుసార్లు మార్చాను.

మిగతావి సాయంత్రం చూసి చెప్తాను. @ఖమ్మం_కుర్రోడు అన్న కాదు, అక్క.

ఖమ్మం_కుర్రోడు
సారీ అక్కా 🙏 మెష్ మాత్రం మెష్షే.

డల్లాస్_లో_తెనాలి
మెష్ గురించి నా అనుభవం చెప్పి తీరాలి. ఇక్కడ మా ఇల్లు చెక్క ఫ్రేము మీద అర అంగుళం జిప్సం బోర్డు కొట్టి కట్టింది. పిడికిలితో కొడితే గోడ డబడబమంటుంది. ఒక్క రౌటర్ రెండంతస్తులకీ సరిపోయింది. రెండేళ్ల క్రితం సెలవులకి వస్తూ అమ్మానాన్నల కోసం మెష్ సెట్ తెచ్చాను. అట్టపెట్టె మీద 5,500 చదరపు అడుగులని రాసుంది. మా తెనాలి ఇల్లు 1,400 కూడా ఉండదు. ఇంకేముంది, అయిపోయిందనుకున్నాను.

ముందు గదిలో ఒకటి, వంటింటి పక్కన ఒకటి పెట్టాను. మధ్యలో తొమ్మిదంగుళాల ఇటుక గోడలు రెండు, రెండువైపులా సిమెంట్ ప్లాస్టరింగ్. రెండో యూనిట్‌కి మొదటి యూనిట్ మాటే వినపడలేదు. సెలవుల్లో సగం వాటిని గదులన్నీ తిప్పడానికే సరిపోయింది. నాన్న అయితే "ఏ ఎండకి ఆ గొడుగు పట్టాలి నాయనా" అని ఊరుకున్నారు.

యూట్యూబ్ రివ్యూల్లో ఎక్కువ భాగం ఇక్కడి చెక్క ఇళ్లలో చేసినవే. ఆ చదరపు అడుగుల లెక్క మన ఇటుక గోడలకీ, కాంక్రీట్ స్లాబులకీ పెట్టుకోకండి.

కడప_బండ
ఇటుక గోడకే ఇంత బాధపడుతున్నారు. మాది రాతి గోడల ఇల్లు, అడుగున్నర మందం. రౌటర్లలో మామూలుగా ఉండే రెండు బ్యాండ్లలో (2.4, 5 గిగాహెర్ట్జ్) 5ది పక్క గదిలోకి అసలు రాదు. మూడు గదులకీ వైరు లాగి మూడు చోట్లా రౌటర్లు పెట్టాను. మూడేళ్లయింది, ఏ చింతా లేదు.

రేడియో_మావయ్య
5 గిగాహెర్ట్జ్ మాట వచ్చింది కాబట్టి. 2.4 తరంగం పొడవు పన్నెండు సెంటీమీటర్లకి కాస్త ఎక్కువ, 5ది ఆరుకి దగ్గర. పొడవైనది గోడ దాటి కాస్త దూరం పోతుంది, కానీ దాని రోడ్డు ఇరుకు. ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండే ఛానళ్లు 1, 6, 11 మూడే. వీధిలో ఇళ్లన్నీ, బ్లూటూత్‌లూ, మైక్రోవేవ్ ఒవెన్లూ ఆ ఇరుకులోనే తోసుకోవాలి. 5లో రోడ్డు విశాలం. 2018లో మన దగ్గర ఇంకా చాలా భాగం లైసెన్స్ అక్కర్లేకుండా వదిలారు. కానీ గోడ దగ్గర ఆగిపోతుంది. అందుకే ఏ గదిలో పని ఉందో ఆ గదిలోనే 5 పుట్టాలి. కింద హాల్లో పుట్టి స్లాబ్‌లోని ఇనుప చువ్వల జల్లెడ దాటి మేడెక్కాలంటే కష్టం.

వైఫై7_కావాలి
అన్నీ పాతకాలం మాటలు. 2024 జనవరి నుంచే వైఫై 7కి సర్టిఫికేషన్ ఇస్తున్నారు. కొనేదేదో కొత్తదే కొంటే పదేళ్లు చూసుకోనక్కర్లేదు కదా?

తీగ_పట్టుకో
@వైఫై7_కావాలి మీ ఉత్సాహం బాగుంది. కానీ వైఫై 7లో అసలు బలమంతా 6 గిగాహెర్ట్జ్‌లో ఉంది. మన దేశంలో దాని కింది భాగాన్ని, అంటే 5925 నుంచి 6425 మెగాహెర్ట్జ్ వరకు, వదలడానికి ముసాయిదా నిబంధనలు వచ్చిందే 2025 మేలో. పైగా 6 గిగాహెర్ట్జ్ గోడలు దాటడంలో 5 కంటే పేదది. ఈవిడ సమస్య స్లాబ్.

డబ్బా మీద రాసే అంకెలూ చూసుకోండి. వైఫై 6 డబ్బా మీద ఏఎక్స్3000 అంటే 2.4లో 574, 5లో 2402 ఎంబీపీఎస్, రెండూ కలిపి మూడు వేలకి దగ్గరగా వేసిన లెక్క. ఒక ఫోన్ ఒకసారి ఒక బ్యాండ్ మీదే ఉంటుంది. ఆ 2402 కూడా 160 మెగాహెర్ట్జ్ ఛానల్ వెడల్పు పట్టుకునే ఫోన్‌కే. 80తో సరిపెట్టుకునే ఫోన్‌కి 1201, అది కూడా కాగితం మీద. చేతికొచ్చేది అందులో సగం, కాస్త అటూ ఇటూ. మూడొందల ప్లాన్‌కి మామూలు వైఫై 6 రౌటర్ చాలు.

బ్రాడీపేట_మేడమీద
అన్నీ చూశాను.

బాక్స్ టీవీ యూనిట్ కింది అరలో ఉంది, అద్దం తలుపు వెనక. పక్కనే అమ్మ ఇనప బీరువా. ఫైబర్ పెట్టిన అబ్బాయి "ఇక్కడైతే నీట్‌గా ఉంటుంది మేడం" అని అక్కడ పెట్టాడు, మేమూ సరేనన్నాం.

హాల్లో సోఫాలో కూర్చుంటే 5 గిగాహెర్ట్జ్ మీద 280 వస్తోంది. మేడ గదిలో మైనస్ 82.

అర్థంకానిది ఒకటుంది. వైరుతో పెడితే 94 చూపిస్తోంది. నాలుగుసార్లు చేశాను, నాలుగుసార్లూ 94. వైఫైలో 280 వస్తూ వైరులో 94 ఏమిటి?

రేడియో_మావయ్య
పోర్టు. చౌక బాక్సుల్లో ఒక్క పోర్టే గిగాబిట్ (1000 ఎంబీపీఎస్), మిగతావి 100వి. వైరుని మొదటి పోర్టుకి మార్చి చూడండి.

తీగ_పట్టుకో
మావయ్యగారూ, పోర్టు కావచ్చు, నా అనుమానం వైరు మీద. అక్కా, ఆ వైరు ఎక్కడిది? రౌటర్ అట్టపెట్టెలో వచ్చిందా, ఎవరైనా చేసిచ్చిందా?

బ్రాడీపేట_మేడమీద
మొదటి పోర్టుకి మార్చాను. 94. వైరు పాతది. ఫైబర్ రాకముందు మాకు వీధి కేబుల్ ఆయన నెట్ ఉండేది. స్తంభం నుంచి డాబా మీదుగా వైరొచ్చేది. రౌటర్ అప్పుడు మేడ మీదే ఉండేది. మిగిలిన వైరులోంచి రెండు గజాలు కోసి అటూ ఇటూ జాక్‌లు కొట్టి ఇచ్చాడు, డ్రాయర్‌లో పడుంటే తీశాను.

తీగ_పట్టుకో
దొరికింది. ఫోన్ టార్చ్ వేసి జాక్‌ని ముక్కు దగ్గర పెట్టుకుని చూడండి. క్లిప్ కిందికి ఉండాలి, రాగి పళ్లు మీ వైపు ఉండాలి. లోపల ఎన్ని రంగుల తీగలు ఉన్నాయి?

బ్రాడీపేట_మేడమీద
నాలుగు. వైట్ ఆరెంజ్, ఆరెంజ్, వైట్ గ్రీన్, తర్వాత రెండు ఖాళీలు, గ్రీన్. బ్లూ, బ్రౌన్ తీగలు జాక్ బయటే కత్తిరించేసి ఉన్నాయి. తొడుగు అంచున వాటి మొనలు కనిపిస్తున్నాయి.

తీగ_పట్టుకో
అదీ సంగతి. 100 ఎంబీపీఎస్‌కి రెండు జతలు చాలు, అంటే నాలుగు తీగలు. గిగాబిట్‌కి నాలుగు జతలూ కావాలి. పాత కనెక్షన్లు 100 దాటేవి కావు కాబట్టి చాలామంది నాలుగే కొట్టి పని ముగించేవారు. ఎనిమిదీ కొడితే అదే వైరు గిగాబిట్ ఇస్తుంది. వరస: వైట్ ఆరెంజ్, ఆరెంజ్, వైట్ గ్రీన్, బ్లూ, వైట్ బ్లూ, గ్రీన్, వైట్ బ్రౌన్, బ్రౌన్. రెండు కొసలా ఇదే వరస.

అసలు ప్రశ్న ఇప్పుడు. స్తంభం నుంచి డాబా మీదుగా వచ్చింది, రౌటర్ మేడ మీద ఉండేది అన్నారు. మరి కింద టీవీకో, నాన్నగారి కంప్యూటర్‌కో మేడ మీది నుంచి హాల్లోకి వైరు దించారా?

బ్రాడీపేట_మేడమీద
అయ్యో, దించారు! నాన్న కంప్యూటర్ కోసం మెట్ల పక్క పైపులోంచి హాల్లోకి. టీవీ యూనిట్ వెనక చుట్ట చుట్టి ఇంకా అలాగే ఉంది. ఎవరికీ గుర్తులేదు.

డల్లాస్_లో_తెనాలి
మీకు పన్నెండు వేలు మిగిలాయి. నాకు ఒళ్లు పులకరించింది ఇది చదివి.

నల్లగొండ_వానకాలం
ఆ వైరులో డాబా మీది ముక్క ఏదైనా స్తంభం వైపు వేలాడుతూ ఉంటే దాన్ని పూర్తిగా విప్పేయండి. రెండు వానాకాలాల క్రితం మా వీధిలో పిడుగు పడింది. ఎదురింటికీ మాకూ మధ్య డాబాల మీదుగా రాగి వైరు లాక్కుని నెట్ పంచుకునేవాళ్లం. రెండిళ్ల రౌటర్లూ, మా టీవీ పోయాయి. ఫైబర్ గాజు తీగ, దానిలోంచి కరెంట్ రాదు. ఇంటి లోపల రాగి వైరు మంచిదే, ఇంటి బయట ఆకాశం కింద మాత్రం వద్దు.

బ్రాడీపేట_మేడమీద
స్తంభం ముక్క వాళ్లే కోసుకుపోయారు, కానీ డాబా మీద ఓ మూర మిగిలింది. రేపే తీయిస్తాను.

పాత రౌటర్ కూడా అటక మీద ఉంది. రెండు బ్యాండ్లదే, ఏసీ1200 అని రాసుంది. వెనక పోర్టులు మాత్రం 100వట. పనికొస్తుందా, కొత్తది కొనాలా?

వైఫై7_కావాలి
100 పోర్టుల రౌటర్ పెడితే 300 ప్లాన్ దేనికి? ఇక్కడైనా కొత్తది కొనండి.

కడప_బండ
ఈవిడకి కావాల్సింది మీటింగ్. మీటింగ్‌కి నాలుగైదు ఎంబీపీఎస్ చాలు, అది తెగకుండా రావాలి. అటక మీది దాన్ని దింపండి, నెల రోజులు చూడండి. చాలకపోతే అప్పుడు కొందురు.

రేడియో_మావయ్య
కడపాయన మాటే నాదీ. పెట్టే పద్ధతి చెప్తాను, ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు.

పాత రౌటర్‌ని మొదట ఏ వైరూ లేకుండా ఒంటరిగా పెట్టి రీసెట్ కొట్టండి. ల్యాప్‌టాప్‌తో దాని సెట్టింగ్స్‌లోకి వెళ్లండి. యాక్సెస్ పాయింట్ మోడ్ (వైరులో వచ్చిన నెట్‌ని వైఫైగా వదలడం ఒక్కటే చేసేది) ఉంటే అది నొక్కేస్తే చాలు. లేకపోతే చేత్తో చెయ్యాలి. కింది బాక్స్ అడ్రసు 192.168.1.1 అయితే దీనికి 192.168.1.2 ఇవ్వండి. ఆ తర్వాత డీహెచ్‌సీపీ, అంటే ఫోన్లకి ఇలాంటి అడ్రసులు పంచే పని, ఆపేయండి. ఇది మరిచిపోతే ఇంట్లో ఇద్దరు పెద్దలు ఒకే పిల్లాడికి రెండు పేర్లు పెట్టినట్టవుతుంది, సగం ఫోన్లకి నెట్ ఆగిపోతుంది. చివరగా కింది నుంచి వచ్చిన వైరుని వేరే రంగులో ఉండే వ్యాన్ పోర్టుకి కాకుండా మామూలు ల్యాన్ పోర్టుకి పెట్టండి.

ఖమ్మం_కుర్రోడు
వైఫై పేరు? పైనా కిందా ఒకటే పెట్టాలా?

రేడియో_మావయ్య
ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్, ఒకే సెక్యూరిటీ. ఫోన్ మెట్లెక్కుతూ దానంతటదే మారుతుంది. 2.4లో ఛానల్ మాత్రం కింద 1 అయితే పైన 6 లేదా 11.

కడప_బండ
ఇందులో మాత్రం ఒప్పుకోను మావయ్యా. పాత ఫోన్లు కింది సిగ్నల్ మైనస్ 80కి పడిపోయినా దాన్నే పట్టుకుని వేలాడతాయి. మా నాన్న ఫోన్ అంతే. నేను మూడు గదులకీ మూడు పేర్లు పెట్టాను. ఎక్కడ కూర్చుంటే అక్కడిది పట్టుకుంటాం.

రేడియో_మావయ్య
అలా వేలాడే ఫోన్లున్న ఇంట్లో మీ పద్ధతే మేలు, కాదనను. అక్క ల్యాప్‌టాప్ ఎలా ప్రవర్తిస్తుందో చూసి తేల్చుకోవచ్చు.

అమ్మమ్మ_కెమెరా
పాత సామాను ఉన్నవాళ్లకి ఒక జాగ్రత్త. మేం కొత్త రౌటర్ పెట్టి వైఫై సెక్యూరిటీలో కొత్త రకం డబ్ల్యూపీఏ3 ఒక్కటే ఆన్ చేశాం. ఊళ్లో అమ్మమ్మ ఇంటి గుమ్మం దగ్గరి కెమెరా అప్పట్నుంచి కలవదు. రెండు రోజులు టెన్షన్ పడ్డాం. అది 2.4 మాత్రమే తెలిసిన పాత కెమెరా, డబ్ల్యూపీఏ2 దాటి ఏమీ రాదు. రెండూ కలిపిన ఆప్షన్ పెడితే వెంటనే కలిసింది.

నల్లగొండ_వానకాలం
కరెంట్ సంగతి కూడా చూసుకోండి. పైన ఒకటి కింద ఒకటి పెడితే రెండింటికీ కరెంట్ కావాలి. ఇన్వర్టర్ లైన్ మేడ మీదికి లేకపోతే 12 వోల్టుల చిన్న యూపీఎస్ దొరుకుతుంది. అడాప్టర్ మీద ఎన్ని ఆంపియర్లో చూసి దానికి తగ్గది తీసుకోండి, ఒకటి నుంచి రెండు దాకా ఉంటాయి.

బ్రాడీపేట_మేడమీద
ఆదివారం అంతా ఈ పనే.

బాక్స్‌ని టీవీ యూనిట్‌లోంచి తీయించి, ఎదురు గోడకి నా భుజమెత్తులో పెట్టించాం. పసుప్పచ్చ ఫైబర్ తీగ పొడవు చాలక పొడవుది వేశారు. మలుపు దగ్గర తీగని మడత పడనివ్వకుండా గుండ్రంగా తిప్పమని నేనే దగ్గరుండి చెప్పాను. దీనికే మేడ గదిలో మైనస్ 82 కాస్తా 74కి వచ్చింది. పైసా సామాను కొనకుండా.

మెట్ల వైరుకి జాక్‌లు కొట్టడానికి మా వీధి చివర కంప్యూటర్ షాపు కుర్రాడొచ్చాడు. పాత జాక్ కోసి, తొడుగు ఒలిచి, ఎనిమిది తీగలూ వేళ్లతో దువ్వి వరసలో పెట్టి కటుక్కున నొక్కాడు. టెస్టర్ పెడితే ఒకటి నుంచి ఎనిమిది దాకా లైట్లు వరసగా వెలిగాయి. నాన్న పక్కనే నిలబడి గట్టిగా లెక్కపెట్టారు. వైరు మీద కాట్5ఈ అని ముద్ర ఉంది, గిగాబిట్ మోసే రకమే. ల్యాప్‌టాప్ నేరుగా పెడితే మేడ మీద 291. కూలీ, జాక్‌లు కలిపి మూడొందల యాభై.

అటక మీది రౌటర్ మావయ్యగారు చెప్పినట్టే పెట్టాను. డీహెచ్‌సీపీ ఆపాను. నా టేబుల్ దగ్గర ఇప్పుడు మైనస్ 46. వైఫైలో 93 వస్తోంది, ఆ రౌటర్ పోర్టు వల్ల. ఇవాళ గంటన్నర మీటింగ్ నా గదిలో, నా కుర్చీలో కూర్చుని చేశాను. ఒక్కసారి కూడా "వినపడుతోందా" అని అడగాల్సిన అవసరం రాలేదు. అందరికీ ఎంత రుణపడి ఉన్నానో మాటల్లో చెప్పలేను.

వచ్చే నెల నుంచి ప్లాన్ మళ్లీ 100కి దించేస్తున్నాం.

తీగ_పట్టుకో
చాలా సంతోషం అక్కా. పెద్ద ఫైళ్లు పంపే పని పడితే అప్పుడు గిగాబిట్ పోర్టులున్న వైఫై 6 రౌటర్ ఒకటి పైన పెట్టండి, వైరు సిద్ధంగానే ఉంది. ల్యాప్‌టాప్ వైరుతోనే ఉంచగలిగితే మీటింగ్‌లకి అదే ఇంకా మేలు.

కూకట్‌పల్లి_ఏడో_ఫ్లోర్
మాది అపార్ట్‌మెంట్, వైరు లాగే దారి లేదు, ఓనర్ గోడకి మేకు కూడా కొట్టనివ్వరు. స్కాన్ చేస్తే ఇరవై ఏడు వైఫైలు కనిపిస్తున్నాయి. రెండు బెడ్‌రూమ్‌లే. మేమేం చేయాలి?

రేడియో_మావయ్య
బాక్స్‌ని రెండు గదులకీ మధ్యలో ఉండేలా బయటికి తెచ్చి ఎత్తులో పెట్టండి. ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు 5 మీదికి మార్చండి, 2.4ని 20 మెగాహెర్ట్జ్ వెడల్పుకి తగ్గించి 1, 6, 11లో ఖాళీగా ఉన్నది ఎంచుకోండి. చుట్టూ ఇళ్ల గోడలు అడ్డుండటం 5లో మీకు మేలే, పక్కింటి గోల లోపలికి రాదు. అప్పటికీ ఒక గది అందకపోతే మెష్ గురించి మాట్లాడదాం, రెండు యూనిట్ల మధ్య ఒక్క గోడ కంటే ఎక్కువ రాకుండా.

ఖమ్మం_కుర్రోడు
అక్క పోస్టు చదివాక మా బాక్స్ నుంచి మెష్ మొదటి యూనిట్‌కి వెళ్లే వైరు తీసి చూశా. కేబుల్ అబ్బాయి చేసిచ్చిందే. టార్చ్ వేసి లెక్కపెట్టా, నాలుగే తీగలు. ఏడాది నుంచి 200కి డబ్బు కడుతున్నాం. రేపు పొద్దున షాపు తీయగానే కొత్త వైరు తెస్తున్నా.